వేటగాని చూపు: పాలకుర్తి పరిసరాల్లో మృగయాధర్మ విచారం

ప్రాణిహింస పాపమని బోధిస్తూనే వేటగాణ్ణి భక్తుల వరుసలో ముందు నిలబెట్టిన సంప్రదాయం వేటను గురించి అసలు ఏమనుకుంటున్నదన్న ప్రశ్న తెలుగు ధార్మిక సాహిత్యంలో చాలా పాతది, ఇప్పటికీ పూర్తిగా తేలనిది. ఈ ప్రశ్నను విచారించడానికి ఓరుగల్లు సీమలోని పాలకుర్తి కన్నా అనువైన చోటు దొరకడం కష్టం. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఈ మండలంలో మూడు ఊళ్లు మూడు మహాగ్రంథాలతో ముడిపడి ఉన్నాయి. పాలకుర్తి బసవపురాణ కర్త పాల్కురికి సోమనాథుడి ఊరుగా ప్రసిద్ధం. బమ్మెర భాగవతాన్ని తెనిగించిన పోతన గ్రామంగా తెలంగాణ ప్రజలు తలచుకునే చోటు. వల్మిడి వాల్మీకి తపస్సు చేసిన గుట్ట ఉన్న ఊరని స్థానికుల విశ్వాసం. వీటిలో స్థలపురాణం ఎంత, చరిత్ర ఎంత అన్నది వేరే చర్చ. ఇక్కడ ప్రధానమైన సంగతి, ఈ మూడు గ్రంథాలూ వేటగాణ్ణి కథ మలుపు తిరిగే చోట నిలబెట్టడం. సోమనాథుడి కన్నప్ప వేటాడిన చేతులతోనే శివుడికి తన కంటిని పెకలించి ఇచ్చాడు. పరీక్షిత్తు వేటకు వెళ్లి దప్పికగొని చేసిన తప్పు వల్లనే శుకుడు భాగవతం చెప్పవలసి వచ్చింది. జంట పక్షుల్లో ఒకదాన్ని బోయవాడు కూల్చినప్పుడు కలిగిన శోకం నుంచే రామాయణానికి మూలమైన శ్లోకం పుట్టింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, సంప్రదాయం వేటగాణ్ణి ప్రాణం తీశాడా లేదా అన్న ఒక్క లెక్కతో తూచలేదని తెలుస్తుంది. బాణం వదిలే ముందు అతను ఏమి చూశాడు, వదిలిన తరువాత చేతికి చిక్కినదాన్ని ఏమి చేశాడు అన్న రెండు ప్రశ్నలు ఆ తూకంలో ఎప్పుడూ ఉన్నాయి.

శాస్త్రగ్రంథాలు ఈ విషయాన్ని మొదట మృగయ పేరుతో, అంటే రాజుల వేటగా, చర్చించాయి. మనుస్మృతి ఏడో అధ్యాయం కామం వల్ల పుట్టే పది వ్యసనాల్లో మృగయను మొదట చెప్పి, మద్యం, జూదం, స్త్రీలోలత్వంతో పాటు దాన్ని అత్యంత చెడ్డవైన నాలుగింటిలో చేర్చింది. వ్యసనం అంటే మనిషిని చేయవలసిన పని నుంచి పక్కకు లాగే అలవాటు. అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో కౌటిల్యుడు ఇదే ప్రశ్న మీద పిశునుడనే పూర్వాచార్యుడితో వాదానికి దిగాడు. వేటలో దొంగలు, శత్రువులు, కార్చిచ్చు, దారి తప్పడం, ఆకలిదప్పులు ఉన్నాయి కాబట్టి అది జూదం కన్నా చెడ్డదని పిశునుడు అంటే, వేట వల్ల దేహానికి వ్యాయామం కలుగుతుందనీ, కొవ్వు, కఫం, చెమట తగ్గుతాయనీ, నిలిచిన గురినీ కదిలే గురినీ కొట్టే నేర్పు వస్తుందనీ, కోపంలో, భయంలో జంతువు మనసు ఎలా మారుతుందో తెలుస్తుందనీ కౌటిల్యుడు బదులిచ్చాడు. ఇద్దరి వాదంలోనూ రాజు క్షేమమే కొలమానం, జింక ప్రాణం ఊసు ఎక్కడా లేదు. ఓరుగల్లు కాకతీయులు ఒకప్పుడు సామంతులుగా కొలిచిన కల్యాణి చాళుక్యుల వంశంలో, మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసం కూడా ఈ దారిలోనే నడిచింది. అందులో మృగయ ఒక వినోదం, సారమేయ వినోదం, అంటే కుక్కలతో ఆడే ఆట, మరొకటి. ఏ కుక్కను ఎలా ఎంచుకోవాలి, ఏ మృగాన్ని ఎలా దగ్గరికి రప్పించాలి అన్న సలహాలు మన దేశంలో కొత్తవి కావని చెప్పడానికి ఈ ఒక్క గ్రంథం చాలు.

వేటకుక్క విషయంలో ధర్మశాస్త్రం చూపిన సడలింపు ఆసక్తికరమైనది. శ్రాద్ధభోజనం మీద కుక్క చూపు పడితేనే ఆ కర్మ చెడుతుందని మూడో అధ్యాయంలో చెప్పిన మనుస్మృతే, వేటలో జంతువును పట్టిన కుక్క నోరు శుచి అనీ, కుక్కలు చంపిన జంతువు మాంసం కూడా శుచే అనీ ఐదో అధ్యాయంలో చెప్పింది. మనిషి పనికి తోడైన ప్రాణి, ఆ పని మేరకైనా, తన పుట్టుకతో వచ్చిన అశుచిని దాటుతుందన్న ఒప్పుదల ఇందులో ఉంది. అర్థశాస్త్రం మరింత లౌకికంగా, లుబ్ధకులను, అంటే వేటతో బతికేవారిని, కుక్కల మందలతో తిరిగేవారిని అడవుల్లో కావలి తిప్పి, దొంగలో శత్రువులో కనబడితే శంఖం ఊదమంది. వేటకు పనికివచ్చిన కుక్కే కాపలాకూ పనికివస్తుందన్న ఈ ఎరుక ఇప్పుడు మరో రూపంలో కనబడుతున్నది. పులిచర్మాలనూ దంతాలనూ దాచిన చోటును వాసనతో పట్టడానికి అటవీశాఖలు జాగిలాలకు శిక్షణ ఇప్పించి, ఒకప్పుడు మృగం వెంట పరుగెత్తిన ముక్కును వేటగాడి వెంట పరుగెత్తిస్తున్నాయి.

అయితే కుక్క చేసిన హింస ఎవరి ఖాతాలో పడుతుందన్న చిక్కు అలాగే ఉంది. అడవిపంది కోరకు మొదట ఎదురయ్యేది కుక్కే, గాయపడేదీ అదే. వెనక నిలబడినవాడు బల్లెం వాడకపోయినా వేట అతనిదే అవుతుంది. మనుస్మృతి మాంసం విషయంలో అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అని ఎనిమిదిమందినీ ఘాతకుల జాబితాలో చేర్చి, చేసినవాడికీ చేయించినవాడికీ మధ్య గోడ లేకుండా చేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా, బహుశా ఈ స్మృతిని తలచుకోకుండానే, ఇదే తీర్పుకు వచ్చింది: జంతువును తరమడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, ఇవన్నీ ఆ చట్టం నిర్వచనంలో వేటే. అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథను ఈ వెలుగులో చదవాలి. మిథిలలో మాంసం అమ్మే ఈ బోయ తాను స్వయంగా చంపనని చెబుతాడు గాని, అంతమాత్రాన తనకు పాపం అంటదని వాదించడు. తన వృత్తి ఘోరమైనదేనని ఒప్పుకుని, నాగలి కింద ఎన్ని పురుగులు చస్తాయో, నడిచే పాదం కింద ఎన్ని నలుగుతాయో లెక్క అడిగి, హింస లేని బతుకు లోకంలో ఎవరికుందని కౌశికుడనే బ్రాహ్మణుణ్ణి నిలదీస్తాడు. ఆ ప్రశ్న హింసను సమర్థించేది కాదు, తన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకునేవారి ధీమాను తగ్గించేది.

కుక్కకు మనిషి పడిన రుణాన్ని గురించి మహాభారతం చెప్పినంతగా మరే గ్రంథమూ చెప్పలేదు. నన్నయ తెనుగు భారతంలో కథ దాదాపు మొదట్లోనే, జనమేజయుడి తమ్ముళ్లు యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను నిష్కారణంగా కొడతారు. దాని తల్లి సరమ, దేవతల కుక్క, వచ్చి తన బిడ్డ చేసిన తప్పేమిటని అడిగి, రాజు దగ్గర సమాధానం లేకపోవడంతో, అనుకోని భయం ముంచుకొస్తుందని శపిస్తుంది. చివరన ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గంలోకి రానంటాడు. కుక్కకు జరిగిన అన్యాయంతో మొదలై కుక్క కోసం పట్టిన పంతంతో ముగిసే ఈ ఇతిహాసం మధ్యలో ఏకలవ్యుడి ఘట్టం ఉంది. పాండవుల వేటకుక్క అడవిలో మొరిగినప్పుడు ఏకలవ్యుడు దాని నోరు గాయపడకుండా ఏడు బాణాలతో మూశాడు. ఆ నేర్పును పట్టిచ్చింది ఆ కుక్కే, దాని ఫలితంగా పోయింది అతని బొటనవేలు. బమ్మెర పోతన తొమ్మిదో స్కంధంలోని రంతిదేవుడు ఎన్నో రోజుల ఆకలి తరువాత దొరికిన అన్నాన్ని, కుక్కల గుంపుతో వచ్చిన అతిథికి పెట్టి, అతనికే కాక ఆ కుక్కలకూ మొక్కాడు. వేటలో కుక్కకు వాటా పెట్టకుండా తినేవాడు ఈ గ్రంథాల్లో ఎక్కడా మర్యాదస్తుడిగా కనబడడు.

చూపు విషయానికి వస్తే సంగతి మరింత చిక్కనవుతుంది. నేటి వేటగాళ్లు దుర్భిణిని, తుపాకీ గొట్టం మీద బిగించే స్కోపును, చీకట్లో దేహపు వేడిని చూపించే థర్మల్ పరికరాన్ని వాడుతూ, దూరం నుంచి స్పష్టంగా చూసి కొడితే జంతువుకు బాధ తక్కువనీ, పొరపాటున వేరే ప్రాణి చావదనీ వాదిస్తారు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. అయోధ్యకాండలో దశరథుడు తన యౌవనంలో చేసిన తప్పును కౌసల్యకు చెప్పుకుంటాడు: వానాకాలపు రాత్రి సరయూ తీరంలో కడవ మునిగిన చప్పుడును ఏనుగు నీరు తాగే చప్పుడనుకుని శబ్దవేధి బాణం, అంటే కంటితో చూడకుండా చెవితో గురిచూసి కొట్టే బాణం, వదిలాడు, తగిలింది గుడ్డి తల్లిదండ్రులకు నీళ్లు తెస్తున్న ముని బాలుడికి. శబ్దవేధి ఆనాటి విలుకాళ్లకు గొప్ప విద్య, దశరథుడికి గర్వకారణం కూడా. రామాయణం ఆ విద్యనే శాపానికి మూలం చేసింది. వెలిగందల నారయ పూర్తిచేసిన తెలుగు భాగవతం పదకొండో స్కంధంలో, చెట్టు కింద కూర్చున్న కృష్ణుడి పాదాన్ని జింక అనుకుని జరుడనే బోయ బాణం వేస్తాడు. రెండు చోట్లా చేతిలో లోపం లేదు, ఎదుట ఉన్నది ఎవరో తెలుసుకోకుండా చెయ్యి కదిలింది. తెలంగాణ పల్లెల్లో పంటచేల చుట్టూ అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగను ఈ వరుసలోనే చేర్చాలి. దానికి కన్నూ లేదు, చెవీ లేదు. పందినీ, పులినీ, తెల్లవారుజామున పొలానికి వచ్చిన పక్క రైతునూ అది ఒకేలా చంపుతుంది. దశరథుడి బాణానికి కనీసం ఒక చప్పుడు ఆధారంగా ఉంది.

మంచి దుర్భిణి ఉంటే చాలునా అంటే, అదీ కాదని ఇవే గ్రంథాలు చెబుతాయి. ఆదిపర్వంలో పాండురాజుకు చూపులో మసక ఏమీ లేదు. అతను జింకల జంటను పట్టపగలు చూసే కొట్టాడు, తీరా ఆ మగజింక కిందముడనే ముని. వారి సంభాషణ మన సాహిత్యంలో వేటను గురించి జరిగిన అత్యంత సూక్ష్మమైన చర్చల్లో ఒకటి. మృగాలను చంపడం రాజులకు ధర్మమేననీ, అగస్త్యుడు కూడా వేటాడాడనీ పాండురాజు వాదిస్తే, చంపినందుకు తాను నిందించడం లేదనీ, ఏ ప్రాణీ కూడి ఉన్నప్పుడు దాన్ని కొట్టకూడదనీ, క్షణం ఆగి ఉండవలసిందనీ ముని అంటాడు. అంటే వేటను పూర్తిగా నిషేధించకుండానే దానిలోపల ఒక హద్దు గీసి, ఆ హద్దు దాటడాన్ని క్రౌర్యమన్నాడు. గర్భధారణ కాలంలో వేటను ఆపే నేటి నియమాలకు మూలమైన భావన ఇదే. మారీచుడి ఘట్టం మరో మెలిక పెడుతుంది. బంగారు జింకను అందరూ స్పష్టంగా చూశారు. లక్ష్మణుడు మాత్రం రత్నాల మచ్చలున్న జింక లోకంలో ఉండదని, అది మాయ అని చెప్పాడు. స్పష్టంగా కనబడటం వేరు, కనబడినదాన్ని తెలుసుకోవడం వేరు అన్న ఈ భేదం ఏ అద్దంలోనూ దొరకదు. స్పానిష్ తత్త్వవేత్త ఓర్తెగా ఇ గాసెట్ 1942లో వేట మీద రాసిన వ్యాసంలో, మనిషి తన ఆయుధబలాన్ని కావాలని తగ్గించుకుంటేనే అది వేట అవుతుందనీ, లేకపోతే వట్టి సంహారమేననీ అన్నాడు. ఆ మాట వరకు అతను కిందముడికి దగ్గరివాడే. తుపాకీ బదులు కెమెరాతో చేసే వేటను అతను ఎగతాళి చేసిన తీరు మాత్రం ఒప్పదగినది కాదు. అభయారణ్యాల్లో చెట్టుకు కట్టిన కెమెరాలతో పులి చారలను పోల్చి లెక్కించే నేటి పద్ధతిలో, ఒకప్పుడు వేటగాడికి మాత్రమే ఉన్న ఓపిక, అడుగుజాడల ఎరుక, గాలివాటు తెలివి అన్నీ ఉన్నాయి, చావు ఒక్కటే లేదు.

వేటలో సమర్థించడానికి అన్నిటికన్నా కష్టమైనది ట్రోఫీ, అంటే చంపిన జంతువు కొమ్మునో చర్మాన్నో తలనో గుర్తుగా దాచుకోవడం. వలస పాలన కాలంలో ఇది ఒక శాస్త్రంగా పెరిగింది: లండన్‌లో రోలండ్ వార్డ్ సంస్థ 1892 నుంచి కొమ్ముల కొలతల పట్టికలను పుస్తకాలుగా వేసింది, మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం పులుల తలలను ప్రాణమున్నట్టు నింపి రాజులకు, దొరలకు పంపింది. ఓరుగల్లు సీమలోనే, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన పాఖాల చెరువు చుట్టూ ఉన్న అడవి నిజాముల కాలంలో షికారు అడవి. దాన్ని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. గోడ మీది పులి తల దగ్గర ఆకలి అన్న సాకు పనిచేయదు. ఈ కోరిక ఎంత పాతదో చెప్పడానికి మళ్లీ మారీచుడి దగ్గరికే వెళ్లాలి. సీత ఆ జింక ప్రాణాలతో చిక్కకపోతే దాని చర్మమైనా కావాలని, లేత గడ్డి మీద పరచుకుని కూర్చుంటానని అడుగుతుంది. రామాయణంలోని సగం దుఃఖానికి ఆ చర్మం మీది ముచ్చటే కారణం. కిష్కింధలో చెట్టు చాటు బాణానికి కూలిన వాలి రాముణ్ణి సరిగ్గా ఇక్కడే పట్టుకుంటాడు: తన చర్మం సజ్జనులు ధరించేది కాదు, వెంట్రుకలూ ఎముకలూ వాడుకునేవి కావు, మాంసం తినదగింది కాదు, అలాంటప్పుడు తనను చంపి ఏమి చేసుకుంటావని అడుగుతాడు. రాముడు చెప్పిన జవాబుల్లో ఒకటి, మనుషులు మృగాలను ఎదురుగానో చాటుగానో వలలతోనో పట్టి చంపుతారు, అందులో దోషం లేదు అన్నది. వాలి ప్రశ్న దీనితో తీరిందని చెప్పడం కష్టం. పనికిరాని ప్రాణిని ఎందుకు చంపాలి అన్న మాటకు, చంపే పద్ధతి ఏదైనా ఫరవాలేదు అన్నది జవాబు కాదు. వ్యాఖ్యాతలు ఈ సర్గ మీద తరతరాలుగా శ్రమపడటంలోనే ఆ ప్రశ్న బలం తెలుస్తుంది.

ట్రోఫీకి అనుకూలంగా ఒక బలమైన ఆక్షేపణ ఉంది. శివుడే గజచర్మం కప్పుకున్నవాడు, పులితోలు కట్టుకున్నవాడు. మునులు కృష్ణాజినం, అంటే నల్లజింక చర్మం, మీద కూర్చుని జపం చేశారు. మరి గోడ మీది చర్మానికి మాత్రమే దోషమెందుకు? కట్టుకునే వస్త్రానికీ చూపించుకునే గుర్తుకూ తేడా ఉందని సమాధానం చెప్పవచ్చు గాని, రాజసభల్లో పులితోలు ఎంత వాడకమో ఎంత ప్రదర్శనో విడదీయడం అంత సులువు కాదు. ఇంతకన్నా మంచి జవాబు కిరాతార్జునీయ కథలో ఉంది. పంది రూపంలో వచ్చిన మూకాసురుణ్ణి అర్జునుడి బాణమూ కిరాతుడి బాణమూ ఒకేసారి తాకాయి. పంది నాదంటే నాదని ఇద్దరూ వాదులాడి, యుద్ధానికి దిగారు. అర్జునుడు ఓడి, విల్లు పోగొట్టుకుని, ఎదుట ఉన్నది శివుడని గుర్తించేసరికి పంది సంగతి ఎవరికీ గుర్తులేదు. శివుడి పాశుపతాస్త్రం దొరికిన చోట చచ్చిన పందికి హక్కుదారు లేకుండా పోయాడు.

ఇప్పుడు పాలకుర్తి సోమనాథుడి కన్నప్ప దగ్గరికి రావచ్చు. 12వ శతాబ్దపు తమిళ పెరియపురాణంలో శేక్కిళార్ విస్తరించిన ఈ కథను సోమనాథుడు ద్విపదలో, అంటే పామరులు కూడా పాడుకోగల రెండేసి పాదాల ఛందస్సులో, ఉడుమూరి కన్నప్ప కథగా చెప్పాడు; 16వ శతాబ్దంలో ధూర్జటి దాన్నే తిన్నడి కథగా పెంచాడు. సంప్రదాయంలో స్థిరపడిన కథ ప్రకారం, కుక్కలతో వేటకు బయలుదేరిన బోయ యువకుడు అడవిపంది వెంటబడి కాళహస్తి కొండ మీద శివలింగాన్ని చూసి, దాన్ని వదలలేక, పంది మాంసాన్ని కాల్చి, రుచి చూసి, మెత్తని ముక్కలు ఏరి పెట్టాడు; నోటితో నీళ్లు తెచ్చి అభిషేకించాడు; రాత్రంతా విల్లు పట్టుకుని కావలి కాశాడు. ఆచారం తెలిసిన పూజారి రోజూ ఆ మాంసాన్ని చూసి కుమిలిపోయాడు. ఒకనాడు లింగం కంట నెత్తురు కారితే, పసరు మందులు పనిచేయక, అతను బాణంతో తన కన్ను పెకలించి అక్కడ అతికించాడు. రెండో కన్ను కూడా కారగా, ఆ చోటు తెలియడానికి తన పాదాన్ని ఆనవాలుగా పెట్టి, రెండోది కూడా తీయబోయాడు. ఈ కథను భక్తి ఆచారం కన్నా గొప్పదని చెప్పే కథగా చదవడం మామూలు, అది తప్పు కూడా కాదు. అయితే వేట దిక్కు నుంచి చదివితే మరొకటి కనబడుతుంది. వేటగాడికి అన్నిటికన్నా విలువైన పనిముట్టు కన్ను. గురి అంతా దానిలోనే ఉంది. కన్నప్ప మాంసం ఇచ్చినంత కాలం తనకు దక్కినదాన్ని ఇచ్చాడు. కన్ను ఇచ్చినప్పుడు ఇకమీద దక్కించుకునే శక్తినే ఇచ్చాడు. జింకనో పందినో కొట్టిన అదే బాణం అతని వైపు తిరిగింది. అతని ఇంటి గోడకు ఏ కొమ్మూ వేలాడలేదు.

వీరశైవ గ్రంథంలో ఈ కథ ఉండటమే గమనించదగినది. బసవపురాణం జైనులతో గట్టిగా తగవుపడిన గ్రంథం. పాలకుర్తికి అంత దూరంలో లేని కొలనుపాక ఒకవైపు జైనుల పెద్ద క్షేత్రం, మరోవైపు వీరశైవులకు పవిత్రస్థలం. అహింసను పరమధర్మంగా నిలిపిన ఇరుగుపొరుగు మధ్య కూర్చుని, తన మతస్థుల్లో మాంసం ముట్టనివారు ఎందరో ఉండగా, సోమనాథుడు నెత్తురు చేతుల బోయను శివుడి కుడిపక్కన కూర్చోబెట్టాడు. హింస మంచిదని చెప్పడం అతని ఉద్దేశం కాదు. హింస నుంచి దూరంగా ఉండగలిగిన వసతిని పుణ్యంగా లెక్కించుకునేవారి ముందు, ఆ వసతి లేనివాడి ప్రేమను నిలపడం అతని ఉద్దేశం. శంకరుల పేరున ప్రచారంలో ఉన్న శివానందలహరిలో కూడా ఈ అడవి భక్తుడి ప్రస్తావన ఉంది.

అయినా ఒక ఆక్షేపణ మిగిలే ఉంటుంది, దాన్ని బమ్మెర వైపు నుంచి వినాలి. కన్నప్ప నైవేద్యానికి చచ్చిన పంది తరఫున ఎవరు మాట్లాడతారు? భక్తి ఆ చావును కడిగివేస్తుందా? భాగవతం నాలుగో స్కంధంలో, యజ్ఞాల్లో లెక్కలేనన్ని పశువులను చంపిన ప్రాచీనబర్హి అనే రాజుకు నారదుడు, ఆ పశువులు ఇనుప కొమ్ములతో పొడవడానికి పైలోకంలో అతని కోసం ఎదురుచూస్తున్నాయని చూపిస్తాడు. దేవుడి పేరున చంపినందువల్ల అవి వేచి ఉండటం మానలేదు. ఆ తరువాత పురంజనుడనే రాజు వేట కథ చెప్పి, విధించిన చోట, అవసరమైన మేరకే చంపాలన్న హద్దును గుర్తుచేసి, చివరన నారదుడు మరో చిత్రం చూపిస్తాడు: పూదోటలో ఆడజింకతో మేస్తూ, తుమ్మెదల పాట వింటూ, ముందు తోడేళ్లనూ వెనక బోయవాణ్ణీ గమనించని జింక. ఆ జింకను వెతుక్కో అని చెప్పి, ఆ జింక నువ్వేనని విప్పుతాడు. రాజు ఇంతవరకు బాణం వెనక నిలబడి చూసిన లోకాన్ని ఒక్కసారిగా బాణం ముందు నిలబడి చూడవలసి వస్తుంది. చూపు విషయంలో భాగవతం చేసిన పని ఇది, దీని ముందు ఎంత శక్తిగల అద్దమైనా చిన్నదే. సోమనాథుడు వేటగాడి కంటిని దేవుడికి ఇప్పించాడు. భాగవతం ఆ కంటిని జింకకు ఇప్పించింది. రెండింటిలో ఏది గొప్పదని తేల్చడం అనవసరం గాని, మొదటిది మాత్రమే వినిపించి రెండోదాన్ని వదిలేసేవారు కన్నప్పను వేటకు అనుమతిపత్రంగా మార్చేస్తారు.

ఆచారాలు ఈ రెండింటి మధ్య తమ దారి వెతుక్కున్నాయి. నల్లమల చెంచులు వేటలో దొరికినదానిలో ముందుగా గరేలమైసమ్మకు, అంటే అడవినీ మృగాలనూ ఏలే తల్లికి, ఒక ముక్క అర్పిస్తారని 1940లలో వారిని గురించి పుస్తకం రాసిన హైమెండార్ఫ్ నమోదు చేశాడు. మృగం తమది కాదు, ఆమె ఇచ్చింది అన్న ఒప్పుదల అందులో ఉంది. పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడితో పాటు కొలువైన నరసింహుడే, అహోబిలంలో చెంచులక్ష్మి భర్తగా, సంక్రాంతి తరువాత పారువేటకు, అంటే ఉత్సవమూర్తిగా చేసే వేటయాత్రకు, వారాల తరబడి పల్లెలు తిరుగుతాడు. తిరుమలలో కనుమ నాడు జరిగే పారువేటలో మృగాల బొమ్మల వైపు ఈటె విసరడంతో వేట పూర్తవుతుంది. పరుగు, జనసందోహం, అడవి గాలి అన్నీ ఉంచి చంపడాన్ని మాత్రం బొమ్మకు వదిలేసిన ఈ ఏర్పాటును వట్టి లాంఛనమని కొట్టివేయడం తొందరపాటు. కౌటిల్యుడు మెచ్చిన లాభాల్లో చాలావరకు ఇందులో దొరుకుతాయి.

ఇక మిగిలింది పంటను తవ్వే అడవిపంది. మొక్కజొన్న, వేరుశనగ చేలలో ఒక్క రాత్రిలో కలిగే నష్టం ముందు పురంజనుడి కథ రైతుకు ఓదార్పు కాదు, ధర్మవ్యాధుడి నాగలి మాటే దగ్గరగా వినబడుతుంది. 1972 చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించినా, 11వ సెక్షన్ మనుషులకో పంటకో ప్రమాదకరమైన జంతువును రాతపూర్వక ఉత్తర్వుతో చంపించే వీలు ఉంచింది. కావున అవసరం, హద్దు, గుర్తింపు అన్న మూడు పాత షరతులూ ఆ ఉత్తర్వులో ఉండగలవు. కరెంటు తీగలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు, అందుకే రైతు కష్టం నిజమే అయినా ఆ తీగను ధర్మశాస్త్రమూ చట్టమూ రెండూ సమర్థించలేవు. అదే చట్టం 39వ సెక్షన్ ప్రకారం, 11వ సెక్షన్ కింద అనుమతితో చంపిన జంతువు సైతం, చట్టం హానికారకంగా ప్రకటించినవి తప్ప, ప్రభుత్వ ఆస్తి అవుతుంది. దాని కోర, తోలు కాల్చినవాడి ఇంటికి చేరవు.